రైలు వదిలిన దారి, సైకిళ్లకు దక్కిన బాట: క్యాంటర్‌బరీ నుంచి సముద్ర తీరానికి 12 కిలోమీటర్లు

ఆగ్నేయ ఇంగ్లాండ్‌లోని కెంట్ ప్రాంతంలో, కేథడ్రల్‌కు ప్రసిద్ధి చెందిన క్యాంటర్‌బరీ నగరం నుంచి ఉత్తర దిశగా విట్‌స్టబుల్ రేవు పట్టణం వరకు సుమారు 12 కిలోమీటర్ల సైకిల్ మార్గం ఉంది. దాని పేరు ‘క్రాబ్ అండ్ వింకిల్ వే’. క్రాబ్ అంటే పీత, వింకిల్ అంటే చిన్న సముద్రపు నత్త. బ్రిటన్ జాతీయ సైకిల్ మార్గాల వ్యవస్థలోని ఒకటో నంబరు మార్గంలో ఇది భాగం. చిన్న పిల్లలున్న కుటుంబాలు సైతం మధ్యలో ఆగుతూ ఒక పూటలో సముద్రాన్ని చేరుకోగలవు.

ఈ సౌలభ్యం ప్రకృతి ఇచ్చినది కాదు. నగరానికీ తీరానికీ మధ్య బ్లీన్ అడవులున్న ఎత్తైన నేల అడ్డంగా ఉంది. ఆ ఎత్తును దాటడానికి 1830 మే 3న ఇక్కడ రైలు మార్గం ప్రారంభమైంది. ముంబయి, ఠాణే నడుమ తొలి ప్రయాణికుల రైలు నడవడానికి 23 ఏళ్ల ముందరి మాట ఇది. రాబర్ట్ స్టీఫెన్‌సన్ సంస్థ తయారుచేసిన ‘ఇన్విక్టా’ అనే ఆవిరి యంత్రం ఆ వాలును ఎక్కలేకపోయింది. ఇనుప పట్టాలపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ. అందుకే గుట్టల మీద స్థిర యంత్రాలను నెలకొల్పి, మోకులతో పెట్టెలను పైకి లాగారు. తీరానికి దగ్గరి భాగంలో మాత్రమే ఇన్విక్టా పనిచేసింది. అయితే రైలును అంతగా ఇబ్బంది పెట్టిన వాలు రబ్బరు టైర్ల సైకిల్‌కు లెక్కలోనిది కాదు. ఇక్కడి సులువంతా ఈ తేడాలోనే ఉంది.

ప్రయాణికుల రైళ్లు 1931 ఆరంభానికి ఆగిపోయాయి, సరుకు రవాణా 1952 డిసెంబరులో ముగిసింది. మరుసటి ఏడాది సముద్రపు వరదలు ప్రధాన రైలు మార్గాన్ని తెంచినప్పుడు ఈ మూసిన దారినే కొన్ని వారాలపాటు తిరిగి తెరవవలసి వచ్చింది. ఆ తరువాత పట్టాలు తొలగించారు, భూమి ముక్కలుగా చేతులు మారింది. సైకిల్ బాట 1999లో గాని సిద్ధం కాలేదు. అందుకే బాట అంతటా పాత రైలు దారి మీదుగా సాగదు.

ఆ లోటు ప్రయాణం మొదట్లోనే తెలుస్తుంది. రైలు టైలర్ హిల్ కింద 757 మీటర్ల సొరంగంలోంచి వెళ్లేది. ఆ సొరంగం 1974లో కొంత కూలడంతో దానిపైన ఉన్న కెంట్ విశ్వవిద్యాలయ భవనమొకటి కుంగిపోయింది. సొరంగం మూతపడింది కనుక, రైలు కింది నుంచి దాటిన గుట్టను సైకిల్‌దారు పైనుంచి దాటాలి. మార్గం మొత్తంలో శ్రమ పెట్టే ఎక్కుడు ఇదే. పిల్లలు ఇక్కడ దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లడంలో తప్పేమీ లేదు. పట్టణ వీధుల్లో వాహనాల మధ్య వెళ్లవలసిన భాగాలూ మార్గం రెండు కొసల్లోనే ఉన్నాయి. పిల్లలపై ఎక్కువ కన్ను వేయవలసింది అక్కడే, అడవిలో కాదు.

విశ్వవిద్యాలయం దాటాక పొలాలు వస్తాయి. సంత్ కాస్మస్, సంత్ డామియన్‌ల పేరిట వెలసిన పాత చర్చి పక్కగా బాట సాగుతుంది. పిమ్మట క్లోస్ వుడ్ అడవిలో ‘వైండింగ్ పాండ్’ అనే చెరువు వద్ద అసలు రైలు దారి కలుస్తుంది. మోకులు లాగిన ఆవిరి యంత్రానికి నీరందించిన చెరువు అది. ఇప్పుడు కుటుంబాలు అక్కడ కూర్చుని తెచ్చుకున్నది తింటాయి. అక్కడి నుంచి విట్‌స్టబుల్ వైపు ఎక్కువ భాగం పల్లమే, పెడల్ అంతగా తొక్కనక్కర లేదు. వాన కురిసిన తరువాత మాత్రం అడవి నేలపై బురద ఉండవచ్చు, సన్నని టైర్ల రేసింగ్ సైకిల్ కంటే మామూలు సైకిలే మేలు.

దారి ముగిసే చోటు రేవు. రైలు కంపెనీయే 1832లో దానిని నిర్మించింది. ఆయిస్టర్లకు పేరుపొందిన ఆ ఊరిలో భోజనానికి లోటు లేదు. తిరుగు ప్రయాణం గురించి మాత్రం ముందే ఆలోచించుకోవాలి: ఒకప్పుడు నేరుగా రైలు నడిచిన ఈ రెండు ఊళ్ల మధ్య ఇప్పుడు నేరు రైలు లేదు, ఫావర్‌షామ్‌లో మారాలి. సైకిల్ మీదే వెనక్కి వస్తే అడవి దాకా నిదానంగా ఎక్కుడు, పొద్దున కష్టపెట్టిన గుట్ట మీది నుంచి నగరంలోకి దిగుడు.