జలంత్రకోట ప్రహ్లాద నాటకము: మేళములు, ఋతువులు, సంచారము

దేశి నాటకములను గూర్చి వ్రాయువారు సామాన్యముగ గ్రంథముతో ప్రారంభింతురు. కర్త యెవరు, కాల మెప్పటిది, తాళపత్రప్రతు లెన్ని, పాఠభేదము లేవి అను ప్రశ్నలు ముందు వచ్చును. ఇవి ఆవశ్యకములే. కాని నాటకమును ఊరినుండి ఊరికి, తరమునుండి తరమునకు మోసికొని వచ్చినది గ్రంథము కాదు, మేళము. మేళ మనగా నటులు, గాయకులు, మద్దెలగాండ్రు మాత్రమే కారు. వారిని పిలిపించు గ్రామము, వారికి అన్నము పెట్టు గృహము, వారు బయలుదేరుటకు వీలైన ఋతువు, ఇవన్నియు కలిసిన వ్యవస్థయే మేళము. ఆ వ్యవస్థ చెడినచోట గ్రంథ మున్నను నాటక ముండదు. శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలములోని జలంత్రకోట పేరుతో ముడివడిన ప్రహ్లాద నాటకమును ఆధారముగ గొని ఈ విషయమును వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

స్థలము

కంచిలి ఉద్దానపు ఉత్తరభాగమున నున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ తీరభూమికి ఉద్యాన శబ్దమునుండియే ఉద్దాన మను పేరు వచ్చినదని చెప్పుదురు. తూర్పున సముద్రము, పడమట మహేంద్రగిరి పంక్తి, నడుమ మదరాసు కలకత్తాల రైలుదారి. కంచిలిలోని రైలుస్టేషనునకు సోంపేట యని పేరు. ఈ నేలపై తెలుగు, ఒడియా భాషలు ఒకే సంతలో వినబడును. కొండవైపునకు పోయినచో సవర భాషయు చేరును. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ చేరిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును రచించుటకు పూనుకొన్నది ఈ బహుభాషా ప్రాంతమునందే.

ఈ ప్రాంత మంతయు పూర్వము మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో నుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా గంజాం జిల్లా రెండుగ చీలి, దక్షిణభాగము విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడెను. సరిహద్దు గీచినవారు భాషను, భూమిని, పన్నును చూచిరి. నాటక మేళములు నడచు దారులను చూచుట వారి పని కాదు. కాని సాహిత్యచరిత్ర వ్రాయువారు కూడ ఆ గీత దగ్గరనే ఆగిపోయిరి. ఫలితముగా జలంత్రకోట మనకు తెలుగు జిల్లాలోని ఊరైనది. అచట పుట్టిన నాటకము ఒడియా నాటకమై, మన పరిశోధనకు వెలుపలిదైనది.

కృతి, కర్తృత్వము

ప్రహ్లాద నాటకము జలంత్ర సంస్థానాధీశుడగు రామకృష్ణ ఛోటరాయల పేర వెలసినది. ఈయన 1857లో జన్మించి 1905లో గతించెను. రచన యాస్థానకవి గౌరహరి పరిఛా చేతిదనియు, పేరుమాత్రము ప్రభువుదనియు ఒక వాద మున్నది. ఆముక్తమాల్యదను గూర్చి ఇట్టి చర్చనే ఎరిగిన తెలుగు విద్యార్థికి ఇది వింతగ తోపదు. మా దృష్టిలో ఇచట ప్రధానము వేరొకటి. ప్రభువు కేవలము అంకితము పుచ్చుకొన్నవాడు కాడు. పాత్రధారులను చేర్చి, వేషములు కుట్టించి, నేర్పించి, ఆడించినవాడు. కవి పదము వ్రాసినను, ప్రభువు లేనిదే అది పాట కాలేదు. పర్లాకిమిడి, తర్లా మున్నగు పొరుగు సంస్థానములలో కూడ ఇదే ఇతివృత్తమునకు ఆదరణ కలిగినది. సింహాచల క్షేత్రప్రభావము వ్యాపించిన ఈ దేశమున నృసింహకథకు ప్రేక్షకులను వెదకుకొన నక్కరలేదు.

నాటకము ఒడియా పదములతోను సంస్కృత శ్లోకములతోను నడచును. సంగీతమున ఒడిస్సీ మార్గముతోబాటు కర్ణాటక సంగీతపు స్పర్శయు కలదు. సూత్రధారునకు గాహకు డని పేరు. మన భాగవత మేళములలో తాళము పట్టి కథ నడిపించు భాగవతుని స్థాన మీతనిదే. మర్దలము, తాళములు, ముఖవీణ ఇతనికి తోడు.

ప్రదర్శనవిధానము

ఈ నాటకమును తక్కిన వీధినాటకములనుండి వేరుచేయునది దాని రంగస్థలము. ఒక కొసను మెట్లుమెట్లుగ కట్టిన ఎత్తైన వేదిక, దాని శిఖరమున హిరణ్యకశిపుని సింహాసనము, క్రింద నేలపై ఆటస్థలము, అటునిటు ప్రేక్షకులు. హిరణ్యకశిపుడు ఆ మెట్లమీదుగ దిగుచు ఎక్కుచు నర్తించును. ఈ యమరిక కేవలము శోభకొరకు కాదు. రాజు పైనను, బాలుడు క్రిందను నుండుట కథకు కంటికి కనబడు రూపము. పైనున్నవాడు తన కోపము ముదిరినకొలది క్రిందికి దిగవలసివచ్చును. తుదకు స్తంభము బ్రద్దలగునప్పుడు ఎత్తు అతని కెందుకును పనికిరాదు. కథార్థమును రంగస్థలమే చెప్పుచున్నది.

రెండవ విశేషము నృసింహుని ముఖము. ఇది వేషసామగ్రిలోని వస్తువు కాదు, పూజార్హమైన మూర్తి. దానిని ధరించు నటునకు ఆవేశము కలుగుట సామాన్యము. హిరణ్యకశిప పాత్రధారికి హాని కలుగకుండ కొందరు బలిష్ఠులు నృసింహుని పట్టుకొని యుందురు. నాటకము రాత్రి మొదలై తెల్లవారువరకు సాగును. అమెరికా దేశపు నాటకవిద్వాంసుడు జాన్ ఎమీ 1996లో ముఖధారణ నాటకములను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ నాటకమునకు స్థాన మిచ్చెను. దూరదేశపు పండితుని కంట పడినది పొరుగువారమగు మన కంట తగినంతగ పడలేదు.

ఋతువు, సంచారము

ఆరుబయట రాత్రియంతయు సాగు నాటకమునకు మూడు కావలెను: వాన లేని ఆకాశము, పని లేని చేతులు, నిండిన గాదె. ఈ మూడును కలియునది వరికోతలు ముగిసిన పుష్యమాసమునుండి వైశాఖమువరకే. గ్రామదేవతల పండుగలు, చైత్రమున గంజాం ప్రాంతపు దండనాటము, వైశాఖ శుద్ధ చతుర్దశినాటి నృసింహ జయంతి ఈ కాలముననే వచ్చును. పంచాంగము, వ్యవసాయము, వినోదము ఒకే త్రాడుపై నల్లుకొన్న వనుటకు ఇంతకు మించిన నిదర్శన మేల?

మిగిలిన కాలము మేళమునకు అభ్యాసకాలము. జ్యేష్ఠమునుండి పొలము పిలుచును. ఆశ్వయుజ కార్తికములలో ఈ తీరమునకు తుపాను భయము. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ నేలను తాకినవి. తిత్లీ తుపానున ఉద్దానపు కొబ్బరి జీడి తోటలు విస్తారముగ కూలినవి. పొలమునకు పంట మరుసటి యేటికి తిరిగి వచ్చును. కొబ్బరిచెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. గ్రామము పండుగకు చందా లెత్తునది ఆ కాపుమీదనే కావున, తోట కూలిన దెబ్బ నాటకమునకు ఆలస్యముగ తగిలినను, లోతుగ తగులును. కళాచరిత్రలో తుపానునకు చోటు లేకపోవుట గ్రంథైకదృష్టివలన కలిగిన లోపము.

సంచార మనునది ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. జముకుల కథకులు, తూర్పు భాగవతులు, తప్పెటగుళ్ల దళములు ఇవే దారులలో నడచినవి. ఆ దారులు దేవతాకథలకే పరిమితము కాలేదు. 1960ల తుదిభాగమున బొడ్డపాడు ప్రాంతమున సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రైతుకూలీల కష్టములు చెప్పుటకు సాధనము చేసికొని ఉద్దానపు పల్లెలలో దళముతో తిరిగెను. 1969 డిసెంబరులో అతడు మృతిచెందెను. వస్తువు మారినను, వాద్యము, దారి, ప్రేక్షకుడు మారలేదు. మాచుపల్లి కైఫియతు చెప్పు కూచిపూడివారి కథయు ఇట్టిదే: సంబెట గురవరాజు దౌష్ట్యమును విజయనగర ప్రభువునకు తెలియజేసినది ఒక సంచార మేళము. తిరుగు మేళము కథనే కాక వార్తను కూడ మోయును.

మెలట్టూరుతో పోలిక

జలంత్రకోట స్థితిని గ్రహించుటకు తంజావూరు ప్రాంతపు మెలట్టూరు గొప్ప దర్పణము. అచట వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము మున్నగు తెలుగు నాటకములు తమిళదేశమున ఏటేట నృసింహ జయంతి సమయమున ప్రదర్శింపబడుచున్నవి. అచటను నృసింహుని ముఖమునకు పూజ కలదు. దానిని ధరించువాడు ఉపవాస ముండును. అచటను ఆవేశము కలుగును. జలంత్రకోటయందు తెలుగునేలపై పుట్టిన ఒడియా ప్రహ్లాదుడు. మెలట్టూరునందు తమిళనేలపై నిలిచిన తెలుగు ప్రహ్లాదుడు. మెలట్టూరును మనము మన సాహిత్యచరిత్రలో చేర్చుకొంటిమి, చేర్చుకొనుట న్యాయమే. భాషను బట్టి మెలట్టూరు మనదైనచో, నేలను బట్టి జలంత్రకోట మనది కాకపోవునా? రెండు కొలతలతో ఒక్క వస్తువును కొలుచుట శాస్త్రము కాదు.

రెంటికి భేద మొకటి కలదు. మెలట్టూరున ప్రభువుల ఆదరణ తొలగినపిదప నాటకము మొక్కును ఆశ్రయించెను. పలుమారు కుంటుపడినను, గ్రామస్థులే సంఘముగ నేర్పడి పునరుద్ధరించిరి. ఉద్యోగములకై నగరములకు పోయినవారు ఆ వారమునకు ఊరు చేరి వేషము కట్టుదురు. అది లాభమును కోరిన సంఘము కాదు, టిక్కెట్టుపై బ్రదుకునది కాదు. 1885లో మొలకెత్తిన సురభి సమాజము వేరొక మార్గము త్రొక్కెను. కుటుంబములకు కుటుంబములే నటులై, డేరాలతో ఊరూర తిరిగి, ప్రేక్షకుని డబ్బుతో నిలిచినవి. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద సురభివారి నాటకమునుండియే వచ్చినది. జలంత్ర నాటకమునకు ఆధారము సంస్థానము. 1948 నాటి మదరాసు శాసనముతో జమీందారీలు తొలగగా ఆ ఆధారము పోయినది. ఐనను నాటకము చావలేదు. గంజాం జిల్లా గ్రామములు దానిని తమదిగ చేసికొని, ఊరిమేళములుగ నడపుచున్నవి. మొక్కు, టిక్కెట్టు, ఆస్థానము అను మూడు ఆధారములలో ఆస్థానమే అన్నిటికంటె బలహీన మనుటకు ఈ చరిత్ర సాక్ష్యము. ప్రభువు లేకున్నను ఊరు నిలుపగలదు; ఊరు వదలినచో ప్రభువైనను నిలుపలేడు.

పరిశోధకులకు మనవి

భాషాసరిహద్దును దాటి చూచినచో ఎట్టి ఫలితములు కలుగునో ఒక ఉదాహరణము. హిరణ్యకశిపుని భార్యను సంస్కృత భాగవతము కయాధు వని చెప్పును. పోతనగారు లీలావతి యనిరి. సురభివారి నాటకమునను లీలావతియే. ఈ ఒడియా నాటకమునను రాణి పేరు లీలావతియే. ఇంతమాత్రమున ఒకదానినుండి మరొకటి పుట్టిన దనరాదు. రెంటికిని ఉమ్మడియగు వేరొక మూల ముండవచ్చును. కాని ప్రశ్న తలయెత్తుటకు ఇది చాలును. ఇట్టి ప్రశ్నను ఒడియా మాత్రమే చదివినవాడు వేయలేడు, తెలుగు మాత్రమే చదివినవాడును వేయలేడు.

కావున ఈ విషయమున పనిచేయదలచిన విద్యార్థి మొదట ఒడియా లిపి నేర్వవలెను. పాఠమునకు ముందు మేళమును చూడవలెను: ఏ ఊరు ఏ ఊరివారిని పిలుచును, ఏ మాసమున, ఎవరి ఖర్చుతో అని వ్రాసికొనవలెను. గాహకులనుండి పాటలను రాగతాళములతో ధ్వనిముద్రణము చేయవలెను. అచ్చుప్రతిలో లేని మాటలు వారి నోటియందే యుండును. ముఖమును పూజించు విధానమును మెలట్టూరు, కూచిపూడి సంప్రదాయములతో అంశాంశముగ పోల్చవలెను.

ఈ పనికి వ్యవధి తక్కువ. తాళపత్రము నూరేండ్లు నిలుచును. గాహకుని కంఠము అతనితోనే పోవును. శ్రీకాకుళపు తెలుగు శాఖలు, బరంపురపు ఒడియా శాఖలు చేతులు కలిపి ఒక్క వేసవిలో ఒక్కొక్క మేళము వెంట నడచినచో, రెండు సాహిత్యచరిత్రలలోను ఖాళీగ మిగిలిన ఒక పుట నిండును.