ఉన్మాదానికి విరుగుడు – గడప తొక్కే కార్యకర్త

"రాజకీయాలు మనకెందుకండీ, మన పని మనం చూసుకుంటే చాలదా?" మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లో వారానికి నాలుగుసార్లయినా వినిపించే మాట ఇది. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పన్నులు కడతారు, రక్తదానం చేస్తారు, వరదలొస్తే చందాలిస్తారు. ఎన్నికలంటే మాత్రం మొహం తిప్పుకుంటారు. మనం మొహం తిప్పుకుంటే ఖాళీ అయిన చోటు ఖాళీగానే ఉంటుందా? లేక ఇంకెవరైనా వచ్చి కూర్చుంటారా? ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న విషయం ఇదే.

మన కళాశాల సంచికలో పూర్వ విద్యార్థిగా నాలుగు మాటలు రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, ఉద్యోగం ఎలా సంపాదించాలో రాద్దామా అనుకున్నాను. అది చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. 2020లో సెలవు రోజుల్లో ఒక డివిజన్‌లో కార్పొరేటర్ అభ్యర్థి తరఫున ఇల్లిల్లూ తిరిగాను. ఆ పని ఎందుకు చేయాలో, ఎలా చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను. అభ్యర్థి పేరు, పార్టీ పేరు ఇక్కడ అనవసరం. ఏ పార్టీ వారికైనా వర్తించే సంగతులే రాస్తున్నాను.

అతివాదం అంటే ఏమిటి?

ముందు మాటల సంగతి చూద్దాం. మితవాది, అతివాది అన్న మాటలు మనకు 1907 సూరత్ కాంగ్రెసు చీలిక నాటి నుంచీ పరిచయమే. ఆ రోజుల్లో అతివాది అంటే తెల్లదొరతనంతో రాజీపడనివాడు. తరువాత నక్సలైట్లను పత్రికలు తీవ్రవాదులన్నాయి. బాంబులు పెట్టేవారిని ఉగ్రవాదులన్నాయి. కాబట్టి ఒక అభిప్రాయాన్ని గట్టిగా పట్టుకున్నవాడల్లా అతివాది కాడు. ఎదుటివాడికి ఈ ఊళ్ళో బతికే హక్కే లేదని, వాడి ఓటు ఓటే కాదని, వాణ్ణి కొట్టినా చంపినా తప్పులేదని చెప్పే రాజకీయం ఏ రంగు జెండా పట్టుకున్నా అది ఉన్మాదమే. ఈ వ్యాసంలో నేను ఆ అర్థంలోనే వాడుతున్నాను.

హైదరాబాదుకు ఈ జబ్బు కొత్తది కాదు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు నడివీధిలో చంపారు. ఆయన చేసిన నేరం సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాయడం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లోనే జార్జిరెడ్డి హత్యకు గురయ్యాడు. 1990 డిసెంబరు అల్లర్లు వందకు పైగా ప్రాణాలు తీశాయి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. చంపినవారు వేరు, కారణాలు వేరు. నష్టపోయింది మాత్రం ప్రతిసారీ అదే ఊరు.

హైటెక్ సిటీ మరో దీవా?

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటికి ఆ చుట్టుపక్కల ఎక్కువ భాగం బండలూ గుట్టలే. తరువాతి పాతికేళ్ళలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ కలిసిపోయి ఒక మహానగరం వెలిసింది. ఈ ప్రాంతం చాలావరకు శేరిలింగంపల్లి నియోజకవర్గంలోకి వస్తుంది. 2023 శాసనసభ ఎన్నికల నాటికి అక్కడ 7 లక్షలకు పైగా ఓటర్లున్నారు. రాష్ట్రంలోకెల్లా పెద్ద నియోజకవర్గం అదే. రాష్ట్రం మొత్తంమీద నూటికి 71 మంది ఓటు వేస్తే ఇక్కడ సగం మంది కూడా వేయలేదు. చదువుకున్నవాళ్ళుండే చోటే ఈ పరిస్థితి! 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాదు స్థానంలో పడింది 48.48 శాతమే.

దీనికి కారణం కేవలం బద్ధకమంటే అన్యాయం. ఇక్కడుండే వాళ్ళలో చాలామంది పై ఊళ్ళ నుంచి వచ్చినవారు. ఓటు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, కటక్‌లోనో ఉంటుంది. ఏడాదికో ఇల్లు మారతారు. సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ హాస్టళ్ళలో ఉండే కుర్రవాడికి పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. గేటెడ్ కమ్యూనిటీలో ఉండే పెద్దమనిషికి గేటు బయట బస్తీ పేరు తెలియదు. ఇరుగుపొరుగు ఎరుగని చోట పుకారుకు అడ్డే ఉండదు. తెలిసిన మనిషి గురించి అబద్ధం చెబితే "ఛ, వాడలాంటివాడు కాడు" అంటాం. తెలియని మనిషి గురించి ఏం చెప్పినా "అయ్యుండొచ్చు" అనుకుంటాం.

లెక్క చూడండి

2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలనే తీసుకుందాం. 150 డివిజన్లు, సుమారు 74 లక్షల ఓటర్లు. పోలింగు 46.55 శాతం. అంటే సగటున ఒక్కో డివిజన్‌లో దాదాపు 50 వేల మంది ఓటర్లుంటే, వేసినవారు 23 వేలు. ముగ్గురు గట్టి అభ్యర్థులుంటే 10 వేల ఓట్లతో గెలవవచ్చు. అంటే నూటికి ఇరవై మంది చాలు! ఆ ఇరవై మందినీ కోపంతోనో భయంతోనో కదిలిస్తే సరిపోతుంది, తక్కిన ఎనభై మందిని ఒప్పించనక్కరలేదు. ఉన్మాద రాజకీయానికి మన గైర్హాజరే పెట్టుబడి అనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఆ ఎన్నికలకు నెలన్నర ముందే, అక్టోబరులో, నగరాన్ని వరద ముంచెత్తింది. చెరువులు తెగాయి, కాలనీలు మునిగాయి, మనుషులు కొట్టుకుపోయారు. 10 వేల రూపాయల వరద సాయం కోసం జనం మీ-సేవ కేంద్రాల ముందు బారులు తీరారు. కార్పొరేషన్ ఎన్నికల్లో చర్చకు రావలసింది నాలాలు, చెరువులు, మురుగు. కాని ప్రచారం ముదిరేసరికి వినిపించినవేమిటి? పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒక పక్క, దమ్ముంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డున పి.వి., ఎన్.టి.ఆర్. ఘాట్లు కూల్చగలరా అని ఇంకో పక్క. టీవీలు రాత్రింబవళ్ళు అదే చూపించాయి.

నేను తిరిగిన బస్తీలో ఒక పెద్దావిడ గుమ్మంలో బియ్యం చెరుగుతూ అన్నమాట నాకు బాగా గుర్తు. "బిడ్డా, మా ఇంట్ల మోకాలు లోతు నీళ్ళొచ్చినయి. నాలా సంగతి ఒక్కడు మాట్లాడ్తలేడు. పాతబస్తీల ఎవడేం జేస్తడో నాకెందుకు?" రాజనీతి శాస్త్రం చదవని మనిషి. ప్రశ్న మాత్రం సరిగ్గా అడిగింది. ఆ ప్రశ్నను పదిమంది చేత అడిగించడమే కార్యకర్త పని.

గడప తొక్కితే ఏమవుతుంది?

ఇంటింటికీ తిరిగితే నిజంగా ఫలితముంటుందా? పరిశోధనలున్నాయి. 1998లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో గెర్బర్, గ్రీన్ అనే ఇద్దరు ఆచార్యులు వేలమంది ఓటర్ల మీద ప్రయోగం చేశారు. మనిషి ఇంటికి వెళ్ళి చెప్పినచోట పోలింగు స్పష్టంగా పెరిగింది. ఉత్తరాలతో పెరిగింది స్వల్పమే. ఫోన్లతో ప్రయోజనం కనిపించలేదు. బ్రూక్‌మన్, కల్లా అనేవారు మయామీలో జరిపి 2016లో ప్రచురించిన మరో పరిశోధనలో, గుమ్మం దగ్గర పది నిమిషాలు ఓపిగ్గా మాట్లాడితే మనిషిలోని ద్వేషం తగ్గుతుందని, ఆ మార్పు మూడు నెలల తరువాత కూడా నిలుస్తుందని తేలింది.

ఇంగ్లండులో జరిగిన సంగతి మరీ గమనార్హం. లండన్ శివార్లలోని బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్‌లో 2006లో జాతివిద్వేషం నూరిపోసే బ్రిటిష్ నేషనల్ పార్టీ 12 కౌన్సిల్ స్థానాలు గెలిచింది. అక్కడ ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి, అద్దెకు ఇళ్ళు దొరకడం లేదు. అందుకు వలస వచ్చినవాళ్ళే కారణమని ఆ పార్టీ చెబితే జనం నమ్మారు. 2010 ఎన్నికలకు ముందు అక్కడి పార్టీ కార్యకర్తలు, 'హోప్ నాట్ హేట్' సంస్థ వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగారు. మీరు తప్పు చేశారని తిట్టలేదు, మీ కష్టమేమిటని అడిగారు. ఆ మే 6న ఆ పార్టీ పన్నెండుకు పన్నెండు స్థానాలూ పోగొట్టుకుంది.

మన ఊళ్ళో వాలంటీర్లు లేరా అంటే ఉన్నారు. 2006 అక్టోబరు 2న జయప్రకాశ్ నారాయణ్ ప్రారంభించిన లోక్‌సత్తా పార్టీ 2009లో రాష్ట్రమంతటా పోటీచేసి ఒకే ఒక్క స్థానం గెలిచింది. అది హైటెక్ సిటీ పక్కనే ఉన్న కూకట్‌పల్లి. ఈల గుర్తు పట్టుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విద్యార్థులు ఆనాడు వీధుల్లో తిరిగారు. ఆ పార్టీ ఆ తరువాత నిలదొక్కుకోలేదన్నది నిజమే. కాని ఐ.టి. వాళ్ళు రాజకీయం చెయ్యరు, చెయ్యలేరు అన్న మాట అబద్ధమని తేలిపోయింది.

పని ఎలా ఉంటుంది?

చాలామంది ప్రచారమంటే జెండాలు, డీజే, బిర్యానీ పొట్లాలు అనుకుంటారు. అసలు పని చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది.

మొదటిది, ఓటరు జాబితా. ఒక పోలింగు కేంద్రం పరిధిలో ఎనిమిది వందల నుంచి వెయ్యిమంది దాకా ఉంటారు. అంటే సుమారు మూడు వందల ఇళ్ళు. నలుగురు వాలంటీర్లు రెండు ఆదివారాల్లో తిరిగి రావచ్చు. చనిపోయినవారు, మారిపోయినవారు, పేరు లేనివారు ఎవరో రాసుకోవాలి. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. ఏడాదిలో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలను లెక్కలోకి తీసుకుని 18 నిండినవారిని చేరుస్తారు. ఓటు ఒక్కచోటే ఉండాలి. ఇక్కడ నివసిస్తూ ఇక్కడికి మార్చుకోవడం మీ హక్కు. రెండుచోట్లా ఉంచుకోవడం మాత్రం చట్టవిరుద్ధం.

రెండవది, వినడం. గుమ్మం దగ్గర నిలబడి ఉపన్యాసం ఇవ్వకూడదు. ఒక అపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన నాకు వాట్సాప్‌లో ఒక వీడియో చూపించి, "చూశావా బాబూ, ఇవాళ మన ఊళ్ళోనే జరిగిందిది" అన్నారు. నేను కాదనలేదు. "ఇంకొక్కసారి పెట్టండి సార్, ఆ వెనక దుకాణం బోర్డు చూద్దాం" అన్నాను. బోర్డు మీద తెలుగూ లేదు, ఉర్దూ లేదు. వేరే రాష్ట్రం లిపి. ఆయనే కళ్ళజోడు తుడుచుకుని, "ఎవడో పంపాడయ్యా" అన్నారు. వాదిస్తే ఓడిపోవడానికి ఎవరూ ఇష్టపడరు. తమంతట తాము కనుక్కుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

మూడవది, పోలింగు రోజు. చీటీలు పంచడం, ముసలివాళ్ళకు దారి చూపడం, ఏజెంటుగా లోపల కూర్చోవడం. ప్రజాప్రాతినిధ్య చట్టం 135-బి ప్రకారం శాసనసభ, లోక్‌సభ ఎన్నికల రోజున ప్రైవేటు ఉద్యోగికి కూడా జీతంతో సెలవివ్వాలి. ఆ సెలవును నిద్రకే ఖర్చుపెట్టేవాళ్ళకు ఈ సంగతి గుర్తుచేయాలి.

నాలుగవది, చట్టం తెలిసి ఉండటం. మతం, కులం, భాష పేరుతో ఓటడగడం అదే చట్టం 123(3) కింద అవినీతికర చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇది ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నియమావళి ఉల్లంఘనను ఫోటో తీసి ఎన్నికల సంఘం వారి 'సి-విజిల్' యాప్‌లో పంపవచ్చు. ముఖ్యంగా, మనం పనిచేసే అభ్యర్థే అలా మాట్లాడితే? అప్పుడు నోరు మూసుకోవడం కార్యకర్త ధర్మం కాదు. తిరిగే మనుషులు తిరగం అంటే ఏ నాయకుడైనా ఆగి వింటాడు. జీతగానికి లేని బలం వాలంటీరుకు అక్కడే ఉంది.

ఇక్కడ అధ్యాపకులకు ఒక మనవి. ప్రభుత్వోద్యోగులు పార్టీ ప్రచారం చెయ్యరాదు, పోలింగు ఏజెంటుగా కూర్చుంటే 134-ఎ కింద నేరం. కాని ఓటరు నమోదు, ఓటరు చైతన్యం ఏ నిబంధనకూ అడ్డు కాదు. ఆ పని క్లాసు రూములోనే మొదలుపెట్టవచ్చు.

కొన్ని అభ్యంతరాలు

"మంచి పార్టీ ఏదండీ?" అని అడుగుతారు. పరిశుద్ధమైన పార్టీ కోసం వేచి ఉంటే ముసలితనం వస్తుంది. ద్వేషం లేకుండా ఓటడిగేవారు మన డివిజన్‌లో ఎవరో ఒకరుంటారు. పార్టీ నచ్చకపోతే స్వతంత్రుడైనా సరే. "కెరీర్ పాడవుతుంది" అంటారు. ఆఫీసు నిబంధనలు చదువుకుని, ఆఫీసు పేరు, ఐ.డి. కార్డు బయటే ఉంచి పనిచేస్తే ఇబ్బంది ఉండదు. "ఒక్కణ్ణి ఏం చెయ్యగలను" అంటారు. పై లెక్క మళ్ళీ చూడండి. మూడు వందల ఇళ్ళకు నలుగురు చాలు.

ఒక ప్రమాదం మాత్రం దాచకుండా చెప్పాలి. ఉన్మాదంతో పోరాడుతూ పోరాడుతూ మనకూ అదే అంటుకోవచ్చు. అవతలి పార్టీ కుర్రవాడు కూడా మన లాంటివాడే, మన హాస్టల్లోనే అన్నం తిన్నవాడు. పోలింగు కేంద్రం బయట వంద మీటర్ల అవతల రెండు పార్టీల బల్లలూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి ఒకే ఫ్లాస్కులోంచి టీ పంచుకుని తాగడం నేను చూశాను. ఆ టీ ఆగిపోయిన రోజున గెలిచినా మనం ఓడినట్టే.

సోదర సోదరీ విద్యార్థులారా! 18 ఏళ్ళకే ఓటు రావడం 61వ రాజ్యాంగ సవరణతో, 1989లో మొదలైంది. అంతకు ముందు మన కళాశాలలో చదివినవారిలో చాలామంది ఓటు లేకుండానే డిగ్రీ పట్టా పుచ్చుకుని వెళ్ళారు. మీకు ఆ కొరత లేదు. నగర ఎన్నికలు ఎప్పుడు వచ్చినా సరే, అవి వచ్చే దాకా ఆగకండి. ఈ ఆదివారం మీ వీధి ఓటరు జాబితా దించుకుని, ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని, మొదటి ఇంటి బెల్లు కొట్టండి.