సైకిల్ ఎంత రోడ్డు తింటుంది?

"తిరుపతి రోడ్లే ఇరుకు. అందులో సైకిల్ ట్రాక్ అని కొంత కోసిస్తే మిగతా బండ్లు యాడికి పోవాల?" అని చిత్తూరు పాఠకులొకరు అడిగారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఊరి వెలుపల కాబట్టి అక్కడ ఈ పేచీ తక్కువ. ఊరి నడుమ తప్పదు. అయితే ఈ ప్రశ్నకు జవాబుగా ఒక అద్భుతమైన లెక్క ఉంది.

బస్సు, ఆటో, కారు, సైకిల్ కలగలిసి పోయే రోడ్డును కొలవడానికి ఇంజనీర్లు బండ్లన్నిటినీ కార్లలోకి మారుస్తారు. ఆ కొలత పేరు పీసీయూ. కారుకు 1. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్లకు ఇచ్చిన పట్టికలో సైకిల్‌కు 0.4 లేదా 0.5. రెండు సైకిళ్లు దాదాపు ఒక కారంత రోడ్డు తింటాయన్నమాట!

ఇక్కడే పొరపాటు జరిగింది. రద్దీలో సైకిళ్ల వాటాను బట్టి ఆ అంకె కాస్త మారుతుంది గానీ, చుట్టూ బండ్లు ఎంత వేగంగా పోతున్నాయో దానికి పట్టదు. ఈ రకం లెక్క 1965 నాటి అమెరికా హైవే మాన్యువల్‌లో పుట్టింది. ఒక ట్రక్కు ఎన్ని కార్ల చోటు ఆక్రమిస్తుందన్నది వాళ్ల ప్రశ్న. బండ్లు లేన్లలో వరుసగా సాగే దేశపు ఆలోచనను సందు దొరికితే దూరే మన రద్దీకి తగిలించాం.

ముడి విప్పినవారు పరిశోధకులు సతీశ్ చంద్ర, ఉపేంద్ర కుమార్. 2003లో వాళ్లు ప్రచురించిన పద్ధతి చూడండి. కారు వేగాన్ని సైకిల్ వేగంతో భాగించాలి. కారు ఆక్రమించే నేలను సైకిల్ ఆక్రమించే నేలతో భాగించాలి. మొదటి ఫలితాన్ని రెండోదానితో భాగిస్తే పీసీయూ వస్తుంది. కారు నేల 5.39 చదరపు మీటర్లు, సైకిల్‌ది 0.85. ఈ నిష్పత్తి 6.34, ఎక్కడైనా ఇంతే. మారేదల్లా వేగం.

తిరుపతి కరకంబాడి రోడ్డులో ఖాళీ వేళ కార్లు గంటకు 48 కిలోమీటర్లు, సైకిల్ 12 పోతున్నాయనుకోండి. 4ను 6.34తో భాగిస్తే 0.63. గాంధీ రోడ్డులో పండగ సాయంత్రం కార్లు 15కు పడిపోయాయనుకోండి, సైకిల్ అదే 12. పీసీయూ 0.2! అదే సైకిల్, తొక్కే మనిషీ అతనే, వెనక కట్టిన పాలక్యానూ అదే. రోడ్డు మీద దాని భారం మాత్రం మూడోవంతుకు దిగింది. కార్లు 10కి పడితే 0.13.

అంటే సైకిల్ భారమయ్యేది వెనక వచ్చే బండి తొందర వల్లే. వేగంగా వచ్చే కారు సైకిల్‌ను దాటడానికి కుడికి జరుగుతుంది, కుడి పక్కన వచ్చే బైకు బ్రేకు వేస్తుంది, దాని వెనక బస్సూ ఆగుతుంది. అందరూ నత్తనడక నడిచే బజారులో ఈ జరుగుడే ఉండదు. రెండు లేన్ల రోడ్డు వెడల్పయ్యేకొద్దీ పీసీయూ పెరుగుతుందని కూడా ఆ ఇద్దరే తేల్చారు. వెడల్పు రోడ్డులో కారుకు స్వేచ్ఛ ఎక్కువ, అందుకే సైకిల్‌తో వేగం తేడా కూడా ఎక్కువ.

కాబట్టి మనం పోట్లాడుకుంటున్న చోటే తప్పు. గాంధీ రోడ్డులో ట్రాక్ కోసం కొట్టుకోనక్కర్లేదు. కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు లాంటి చోట్ల "బోలెడు జాగా ఉంది కదా, సైకిళ్లూ పక్కనే పోతాయిలే" అని వదిలేయడమే ప్రమాదం. ట్రాక్ వేస్తే ప్రాణాలూ నిలుస్తాయి, కార్లకూ అడ్డు తొలగుతుంది. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక తొందరున్న బండ్లకు పైదారి దొరికింది. కింది రోడ్డు ఖాళీ అయ్యేకొద్దీ అక్కడ వేగం పెరుగుతుంది, దాంతోపాటు సైకిల్ పీసీయూ కూడా. ఇది మాత్రం ఎవరూ పట్టించుకోని సంగతి.

ఇక అమలు సంగతి. రంగు పూసి ట్రాక్ అంటే సాయంత్రానికి అందులో టెంకాయ బండ్లు, స్టాండు వేసిన బైకులు చేరతాయి. గట్టు కట్టాలి. సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ట్రాక్ మాయం కాకూడదు, వేగాల తేడా ప్రాణం తీసేది అక్కడే. ఇంకోటి: ఈ కొలతలో 1 అంటే ఒక కారు, అందులో ఒక్కరున్నా నలుగురున్నా. మనుషులను లెక్కపెట్టే కొలత మన రోడ్ల పట్టికల్లోకి ఇంకెప్పుడు వస్తుంది?