పంటికీ కంటికీ పాలసీ ఉందా?

మా పెదనాన్నగారు రాజమండ్రి తాడితోటలో నలభై ఏళ్ళు బట్టల వ్యాపారం చేశారు. పన్నెండేళ్ళుగా ఒక్క రోజు కూడా గడువు దాటనివ్వకుండా ఆరోగ్య బీమా ప్రీమియం కడుతున్నారు. పోయిన ఏడాది కింది దవడ పన్ను పిప్పి పట్టింది. రాత్రంతా లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుని కూర్చుని, తెల్లవారగానే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రూటు కెనాలు చేసి క్యాపు వేశారు. తొమ్మిదిన్నర వేలయింది. బిల్లు కంపెనీకి పంపితే, దంత చికిత్స పాలసీ పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. "ఏరా, పళ్ళు ఒంట్లోవి కావా?" అని అడిగారాయన. బీమా పత్రాలు చదవడం కొంచెం అలవాటున్నవాణ్ణి కాబట్టి నన్నడిగారు. ఆయన అడిగింది నాకు న్యాయంగానే తోచింది.

ఆ పాలసీ తీసి చూశాను. కంపెనీ మోసం చేయలేదు. మన దేశంలో ఆరోగ్య బీమా అంతా ఆసుపత్రి మంచం చుట్టూ అల్లుకున్నది. మంచం మీద చేరితే డబ్బు వస్తుంది. పంటి వైద్యం కుర్చీలో జరుగుతుంది, గంటలో ఇంటికి వచ్చేస్తాం. అందుకే చాలా పాలసీలు, ప్రమాదంలో దవడ పగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప, పళ్ళ ఖర్చు ఇవ్వవు. కళ్ళజోడు, కాంటాక్టు లెన్సు మామూలుగా ఇవ్వనే ఇవ్వరు. చూపు సరిచేసే ఆపరేషన్ కూడా పవరు 7.5 డయాప్టర్ల కంటే తక్కువైతే మినహాయింపుల్లోకి పోతుంది. ఈ చివరి మాట ఏ కంపెనీ పాలసీలోనైనా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపుల భాషని అందరికీ ఒకటే చేసింది.

ఎందుకిలా పెట్టారో డెల్టా వాళ్ళకి చెప్పడం తేలిక. 1996 నవంబరులో తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఒక్క రాత్రిలో పడగొట్టింది. అది ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఒక కుటుంబం తట్టుకోలేదు. బీమా పుట్టింది అలాంటి వాటికోసం. ఎండాకాలంలో కాలువలు కట్టేయడం వేరు. కట్టేస్తారని అందరికీ ముందే తెలుసు, అందుకే ఆ లోపే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం. నలభై దాటాక చత్వారం, అరవై దాటాక ఊగే పళ్ళు, ఆరునెలలకోసారి పళ్ళు శుభ్రం చేయించుకోవడం కాలువ కట్టివేత లాంటివి. అందరికీ వచ్చేదానికి బీమా తీసుకుంటే, మన డబ్బే మనకి తిరిగొస్తుంది, మధ్యలో కంపెనీ ఖర్చు మినహాయించుకుని.

మరి పంటికి విడిగా, కంటికి విడిగా పాలసీ అన్న మాట మనకెక్కడిది? చాలావరకు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ పసిఫిక్ తీరపు రేవు కార్మికుల సంఘం 1954లో తమ పిల్లల పళ్ళ వైద్యం కోసం చేసుకున్న ఏర్పాటు నుంచే నేటి పెద్ద దంత బీమా సంస్థల్లో ఒకటి ఎదిగింది. అప్పటి నుంచీ పళ్ళది వేరే దారి. భీమవరం నుంచి డల్లాస్ వెళ్ళిన కుర్రాడి పర్సులో ఆరోగ్యానికొక కార్డు, పళ్ళకొకటి, కళ్ళకొకటి ఉంటాయి. వృద్ధులకి ప్రభుత్వమిచ్చే మెడికేర్ కూడా మామూలు పళ్ళ వైద్యానికీ, జోడు కోసం చేసే కంటి పరీక్షకీ డబ్బివ్వదు. అక్కడ రేట్లు ఎక్కువ కాబట్టి, యజమాని కొంత భరిస్తాడు కాబట్టి ఆ కార్డులకి అర్థముంది. అయినా చాలా దంత పాలసీలు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గర ఆగిపోతాయి. సంక్రాంతికి వచ్చినవాళ్ళు పిండివంటలతో పాటు పళ్ళ పని కూడా ఇక్కడే ముగించుకుని వెళ్ళడం అందుకే. పురుళ్ళకి అమెరికా వెళ్ళే తల్లులు కూడా విమానం ఎక్కే ముందే పళ్ళు చూపించుకోవాలి. సందర్శకుల బీమాలో పంటికి ఉండేది, హఠాత్తుగా నొప్పొస్తే ఇచ్చే చిన్న మొత్తమే.

మన దగ్గర పళ్ళకే అని దొరికేవి కొద్ది పాలసీలు. ఎక్కువగా అమ్మేది ఆరోగ్య పాలసీకి తగిలించే అవుట్ పేషెంట్ రైడరు. క్లినిక్కులు అమ్మే సభ్యత్వ కార్డు బీమా కాదు, రాయితీ కూపను మాత్రమే. అమ్మేవాడికి ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషను నంబరు ఉందో లేదో చూస్తే తేడా తెలిసిపోతుంది.

తీసుకోవాలా వద్దా అంటే కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకి ప్రీమియం 4,000, ఏడాదికి గరిష్ఠంగా 10,000 ఇస్తారు, బిల్లులో సగం మీరే పెట్టాలి అనుకుందాం. పళ్ళు బాగున్నవాళ్ళు రెండుసార్లు శుభ్రం చేయించుకుని 2,000 ఖర్చు పెడితే వెయ్యి రూపాయలు తిరిగొస్తాయి. కట్టింది నాలుగు వేలు. పన్ను ఇప్పటికే సలుపుతున్నవాళ్ళు లాభం వస్తుందని చేరితే, వెయిటింగు పీరియడ్, అంటే నిరీక్షణ కాలం, అడ్డం పడుతుంది. లెక్క కుదిరినా చివరి ప్రశ్న ఒకటి మిగులుతుంది. నగదు లేకుండా వైద్యం చేసే క్లినిక్ రావులపాలెంలోనో తణుకులోనో ఉందా, లేక హైదరాబాదులోనేనా? పంటి నొప్పితో ఎవరూ రైలెక్కలేరు. నా మటుకు నేను ఆ నాలుగు వేలూ విడిగా ఒక ఖాతాలో వేసుకోమంటాను. డబ్బుకి ఇబ్బందిగా ఉంటే దంత వైద్య కళాశాలలు దగ్గర్లోనే ఉన్నాయి. రాజానగరంలో జీఎస్ఎల్, భీమవరంలో విష్ణు, ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్. అధ్యాపకులు పక్కన ఉండగా విద్యార్థులు చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఫీజు తక్కువ.

కంట్లో శుక్లాల మాట వేరు. అది ఆపరేషన్. ఆ రోజే ఇంటికి పంపినా డే కేర్ కింద మామూలు ఆరోగ్య పాలసీయే డబ్బిస్తుంది. రిటైరైనవాళ్ళు శ్రద్ధగా చూడవలసింది ఇక్కడ. మొదటి రెండేళ్ళు శుక్లాలకి సాధారణంగా ఏమీ ఇవ్వరు. ఆ తరవాత కూడా కంటికి ఇంతేనని హద్దు ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో ఆ హద్దు, బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000, ఏది తక్కువైతే అది. అందులోనూ 5 శాతం మనమే పెట్టుకోవాలి. ఖరీదైన లెన్సు ఎంచుకుంటే తేడా చేతినుంచి పోతుంది. కాబట్టి చూపు మసకబారాక పాలసీ కొనడం దండగ. యాభైల్లోనే కొనాలి. అరవై దాటినవాళ్ళకీ తలుపు మూసుకోలేదు. 2024 నుంచి వయసు పేరుతో పాలసీ నిరాకరించే పాత నియమం పోయింది, పాత జబ్బుల నిరీక్షణ మూడేళ్ళకి మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

డెబ్బై దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రక్షణ మొదలుపెట్టింది. అది ఆసుపత్రి వైద్యానికే, జోడుకీ కట్టుడు పళ్ళకీ కాదు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో శుక్లాల ఆపరేషన్ ఉచితం. కార్మికుల బీమా ఈఎస్ఐలో అయిదేళ్ళు ఉండి వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకీ భార్యకీ వైద్యం కొనసాగుతుంది. ఈ 120 రూపాయల సంగతి తెలియక వదులుకున్నవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక పని ఇచ్చేవాళ్ళు. రొయ్యల ప్రాసెసింగు ప్లాంటు గానీ రైసు మిల్లు గానీ, పదిమంది పనివాళ్ళుంటే 21,000 లోపు జీతగాళ్ళకి ఈఎస్ఐ కట్టాల్సిందే, యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం. అంతకుమించిన జీతాలకి బృంద పాలసీ తీసుకునేటప్పుడు, శుక్లాల నిరీక్షణ తీసేయమని అడగాలి. వ్యక్తిగా అడిగితే కంపెనీ ఒప్పుకోనిది, బృందంగా అడిగితే కొంచెం ఎక్కువ ప్రీమియానికి తరచూ ఒప్పుకుంటుంది. పళ్ళ రైడరు మీద పెట్టే డబ్బుతో ఏడాదికోసారి దంత వైద్యుణ్ణీ కంటి వైద్యుణ్ణీ షెడ్డుకే పిలిపిస్తే ఎక్కువమందికి మేలు జరుగుతుంది.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకి దగ్గరి చూపు జోళ్ళు ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, జోడు లేనివాళ్ళ కంటే జోడు పెట్టుకున్నవాళ్ళు కోసే ఆకు సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. అది చదివినప్పుడల్లా నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళు గుర్తొస్తారు. సన్నని దారం, చిన్న సూది, గుడ్డి వెలుగు. నలభై రాగానే కుట్టు కనపడదు, పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. ఇళ్ళలో కూర్చుని ఏజెంటు తెచ్చే దారంతో అల్లేవాళ్ళకి యజమాని అనేవాడు కాగితం మీద ఉండడు, ఈఎస్ఐ ఉండదు. వాళ్ళకి కావలసింది పాలసీ కంటే ముందు కొన్ని వందల రూపాయల జోడు. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలైనప్పుడు ముందు బడిపిల్లల కళ్ళు చూశారు, అది మంచిదే. లేసు ఎగుమతి చేసేవాళ్ళు దారం కట్టలతో పాటు జోళ్ళ పెట్టె ఒకటి పంపాలని నేను గట్టిగా అనుకుంటాను.

పెదనాన్నగారు ఇప్పుడు నెలకి వెయ్యి చొప్పున విడిగా వేసుకుంటున్నారు. కుడికంట్లో శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పాక, ఆయనే కంపెనీకి ఫోను చేసి కంటికి హద్దెంతో కనుక్కున్నారు. ఆ అంకె పాలసీ అట్ట మీద పెన్సిలుతో రాసుకుని, దాని కింద లెన్సు ధర, దాని కింద తన ఖాతాలో ఉన్న మొత్తం వేసి, తీసివేత చేసి నాకు చూపించారు.