బెజవాడ కుక్కల జట్టులోకి ఎవరొస్తారు?

మా కుక్కల విన్యాసాల జట్టుకు కొత్తవాళ్ల కోసం నేను పెట్ షాపుల చుట్టూ తిరగను. పొద్దున్నే పద్మావతి ఘాట్ వైపు కుక్కలతో నడిచేవాళ్లను గమనిస్తాను. గొలుసు లాగి కేకలేసేవాళ్లు వద్దు. బిస్కెట్ ముక్క చూపించి బుజ్జగించేవాళ్లు కావాలి. జాతి పట్టింపు లేదు. ఊరకుక్కలే చురుకని నా పక్షపాతం. ఏడాది నిండని కూనల్ని మాత్రం ఎత్తు దూకనివ్వం, వాటి ఎముకలు ఇంకా ముదరవు. రేబిస్ టీకా కార్డు చూపాల్సిందే. వేసవిలో ఎండెక్కేలోపే సాధన ముగించాలి, లేదంటే తారురోడ్డు మీద కుక్కల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.

జనం ముందు కుక్కల్ని ఆడించాలంటే, జంతు ప్రదర్శనలపై 2001లో వచ్చిన నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ మాట చెవిన పడగానే కొందరు మెల్లగా జారుకుంటారు. మిగిలినవాళ్లకు మొదట అప్పగించే పని ఒకటే: ఇంటిల్లిపాదీ కుక్కతో ఒకే మాట వాడాలి. నాన్న ‘సిట్’ అని, నానమ్మ ‘కూర్చోరా నాయనా’ అంటే, పాపం అదేం చేస్తుంది?