ఒక్కడే కూర్చుని కంప్యూటర్ ఆట చేయడం ఎట్లా?

నేను ఈ బడిలనే పదో తరగతి దాకా చదివిన. మొన్న వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టూ చేరి, "అన్నా, ఫోన్ల ఆడే ఆటలు ఎవరు చేస్తరు? మనం కూడ కంపెనీ పెట్టొచ్చునా? ఎన్ని పైసలు కావాలె?" అని అడిగిండ్రు. సారు అది విని గోడపత్రికకు రాసిమ్మన్నరు. నాకు తెలిసింది, నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను.

ఫోటోలు తీసే చోటును స్టూడియో అంటాము కదా. ఆటలు తయారు చేసే చోటును కూడా స్టూడియో అనే అంటారు. నా స్టూడియో అంటే హన్మకొండలో ఒక అద్దె గది, ఒక పాత కంప్యూటర్, నేను. అంతే. పగలు జిరాక్స్ సెంటర్ల పని చేస్త. రాత్రి ఆట పని.

ఇంతకూ ఆట అంటే ఏమిటి? బొమ్మలు, రంగులు, పాటలు అనుకుంటే పొరపాటు. ఆట అంటే నియమాలు. మనం వరండాల సుద్దముక్కతో గీసి, చింతగింజలతో ఆడే పులి–మేక చూడండి. 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకలు పులులను కదలకుండా కట్టేస్తే గెలుస్తాయి. బొమ్మ లేకున్నా ఆట నడుస్తుంది. నియమం లేకుంటే నడవదు.

దీన్నే కంప్యూటర్‌కు ఎట్లా చెప్పాలి? కంప్యూటర్‌కు పులి తెలియదు, మేక తెలియదు. అంకెలే తెలుసు. 23 చుక్కలకు 23 గళ్లు అనుకోండి. ఖాళీ ఉంటే 0, మేక ఉంటే 1, పులి ఉంటే 2 అని రాస్తాము. ఏ చుక్క నుండి ఏ చుక్కకు గీత ఉందో ఒక పట్టిక రాస్తాము. పులి దూకాలంటే పక్క గడిలో 1 ఉండాలి, అదే గీతలో తరువాతి గడిలో 0 ఉండాలి. దూకిన తరువాత మధ్య గడి 0 అవుతుంది. మేక పోయినట్టే! మామూలుగా ఆట సెకనుకు 60 సార్లు ఇదే పని చేస్తూ ఉంటుంది: వేలు ఎక్కడ తాకింది, నియమం ఒప్పుతుందా, తెర మీద ఏమి గీయాలి. లోపల జరిగేది ఇంతే.

ఇప్పుడు నా తప్పు సంగతి. పత్తి అమ్మిన పైసల్లోంచి మా బాపు 18 వేలు ఇస్తే ఈ పాత కంప్యూటర్ కొన్న. మొదట్నే పులి–మేక చేస్తే చిన్నతనం అనుకున్న. పెద్ద అడవి, వంద ఊర్లు, గుర్రాలు, యుద్ధాలు ఉన్న ఆట చేద్దామని మొదలుపెట్టిన. ఏడాది గడిచింది. నాలుగు చెట్లు, నడవరాని ఒక మనిషి తయారైండు. జిరాక్స్ సెంటర్ పని కూడ మానేసిన. కిరాయి రెండు నెలలు ఆగింది. పండుగకు ఇంటికి పోతే బాపు "ఏమైంది బిడ్డా, ఆట అయ్యిందా?" అని అడిగిండు. కోపంగ అడగలె, మెల్లగ అడిగిండు. నాకు నోటి మాట రాలె. నేల విడిచి సాము అంటే ఏందో ఆ రోజు తెలిసింది.

మరి పెద్ద ఆటలు ఒక్కడే చేసినవాళ్లు లేరా? ఉన్నారు. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు కంప్యూటర్ చదువు పూర్తి చేసి, ఉద్యోగం దొరకక, సాధన కోసం వ్యవసాయం ఆట ఒకటి మొదలుపెట్టాడు. పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానే చేశాడు. నాలుగున్నర ఏండ్లు పట్టింది. ఆ కాలంలో థియేటర్లో జనానికి సీట్లు చూపించే పని కూడా చేశాడు. 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. 2024 చివరికి 4 కోట్ల కంటే ఎక్కువ ప్రతులు అమ్ముడయ్యాయి. వియత్నాంలో డాంగ్ న్యుయెన్ కొద్ది రోజుల్లోనే ఫ్లాపీ బర్డ్ అనే చిన్న ఆట చేసి 2013లో విడుదల చేశాడు. నియమం ఒకటే: తాకితే పక్షి ఎగరాలి, గొట్టాలకు తగలొద్దు. ప్రపంచమంతా ఆడింది. ఆ ఒత్తిడి తట్టుకోలేక 2014 ఫిబ్రవరిలో అతనే తీసేశాడు. అయితే ఇవి స్వాతి చినుకు ముత్యపు చిప్పల పడ్డట్టు. అందరికీ పడదు.

మన దగ్గర కూడా పని జరుగుతున్నది. హైదరాబాద్‌లో కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ నడిపే హిట్‌వికెట్ అనే క్రికెట్ ఆట 2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో ఆటల విభాగంలో గెలిచింది. అది ఒక బృందం చేసిన పని.

నేను మళ్లీ జిరాక్స్ సెంటర్ల చేరి, పులి–మేకతోని మొదలుపెట్టిన. నాలుగు నెలల్ల అయ్యింది. ఆ నాలుగు నెలల్ల నేర్చుకున్నది ఇది.

మొదటిది, కాగితం మీద ఆడి చూడాలి. కాగితం మీద విసుగు పుట్టించే ఆట తెర మీద కూడా విసుగే పుట్టిస్తుంది.

రెండవది, పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. చిన్నపిల్లలకు స్క్రాచ్ ఉంది, 2007లో వచ్చింది. పెద్దవాళ్లకు గొడో అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అర్జెంటీనావాళ్లు ఇద్దరు తయారు చేసి, 2014లో దాని కోడ్ అందరికీ తెరిచిపెట్టారు. ఒక్క రూపాయి కట్టనక్కర లేదు.

మూడవది, ఇతరులతో ఆడించి, మనం నోరు మూసుకుని చూడాలి. మా తాతకు ఫోన్ ఇస్తే, "గీ మేక కదుల్తలేదేందిరా, ఖరాబైందా?" అన్నడు. ఖరాబ్ కాలె. 15 మేకలు పెట్టేదాకా మేక కదలొద్దనేది నియమం. ఇంకా ఎన్ని మిగిలినయో తెర మీద నేను చూపించలె. తప్పు తాతది కాదు, నాది. పక్కన మిగిలిన మేకలను గీసిన. మళ్ల అడగలె.

నాలుగవది, ఇతరుల బొమ్మలు, సినిమా పాటలు వాడొద్దు. వాటికి హక్కుదారులుంటారు. పులి–మేక నియమాలు మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు. పైసలు పందెం పెట్టే ఆటల జోలికి అసలే పోవద్దు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం వాటిని నిషేధించింది.

ఐదవది, ఖర్చు. గూగుల్ ప్లేలో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్లు 12 మందితో 14 రోజులు వరుసగా పరీక్ష చేయించాలి. నేను మా గూడెంల పన్నెండు మందిని బతిమాలి పట్టిన. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు. ఇచ్ డాట్ ఐఓలో పెట్టడానికి రుసుము లేదు. ఒక్కడి స్టూడియోకు పెద్ద కంపెనీ కాగితాలు మొదట్లో అక్కర లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం 2020 జూలై నుండి నడుపుతున్న ఉద్యమ్ నమోదు ఉచితం.

ఇప్పటిదాకా ఆ ఆటతోని నాకు ఒక్క రూపాయి రాలేదు. ఉన్నమాట చెప్తున్న. అందుకే జిరాక్స్ సెంటర్ పని ఇడువలె. బాపు 18 వేలు నెలకు కొంచెం కొంచెం తీరుస్తున్న. కానీ పోయినసారి ఇంటికి పోతే బాపు "ఆట అయ్యిందా?" అని అడగలె. పులుల పక్కన కూసొని మా అవ్వను ఓడిస్తుండు.

మిత్రులారా! స్టూడియో పేరు, బోర్డు, పెద్ద కలలు తరువాత. ముందు ఒక చిన్న ఆటను మొదలుపెట్టి ముగించండి. ఈ ఆదివారం ఒక కాగితం మీద మీ సొంత ఆట గీసి, ఐదు నియమాలు రాసి, ఈ గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. వచ్చేసారి వచ్చినప్పుడు అన్నీ ఆడి చూస్త.