డ్యూరరు "మెలెంకోలియా": సంకేతమును ధ్వనియు

జర్మనీదేశమునందలి న్యూరెంబర్గు నగరవాసియగు ఆల్బ్రెఖ్టు డ్యూరరు (1471-1528) క్రీ. శ. 1514వ సంవత్సరమున రాగిరేకుపైఁ జెక్కిన "మెలెంకోలియా" యను ముద్రాచిత్రము సుమారు 9½ అంగుళముల యెత్తును, 7½ అంగుళముల వెడల్పును గలది. ఇంత చిన్నపటమునకు వెలువడిన వ్యాఖ్యానములు మహాకావ్యమునకు వెలసిన టీకలకుఁ దీసిపోవు. వానిలోఁ బెక్కింటియందు వస్తువుల కర్థము చెప్పఁబడినది గాని పటమున కర్థము చెప్పఁబడలేదు.

ఱెక్కలుగల యొక స్త్రీ రాతిమెట్టుపైఁ గూర్చుండి, పిడికిలిపైఁ జెక్కిలి చేర్చి, దూరముగాఁ జూచుచున్నది. ఆమె చేత వృత్తలేఖిని యున్నది గాని యామె గీయుట లేదు. తలపై నాకులదండ, నడుమునుండి వ్రేలాడు తాళపుచెవులును రూకలసంచియు. పాదములచెంత ఱంపము, చిత్రిక, మేకులు చెదరి పడియున్నవి. బక్కచిక్కిన కుక్క యొకటి నిద్రించుచున్నది. తిరుగటిరాతిమీఁదఁ గూర్చున్న ఱెక్కల శిశువు పలకపై నేదో గీయుచున్నాఁడు. వెనుకఁ గట్టడమునకుఁ ద్రాసు, ఇసుకగడియారము, గంట, అంకెల చదరము; ప్రక్కఁ బెక్కుముఖములుగల శిలయు, నిచ్చెనయు. దవ్వున సముద్రముపైఁ దోఁకచుక్కయు నింద్రధనుస్సును. గబ్బిలమువంటి జంతు వొకటి పటము పేరును ధరించి యెగురుచున్నది.

తాళపుచెవి యధికారమును, సంచి ధనమును దెలుపునని డ్యూరరే యొక చిత్తుపటముపై వ్రాసికొనెను. ఈ రెండుమాటల యాధారముననే కొందఱు ప్రతివస్తువునకు నొక యర్థమును గట్టి, పటము నంతయు నిఘంటువుగా మార్చిరి. పదముల కర్థము వ్రాసినంతనే పద్యభావము దెలియునేని వ్యాఖ్యాతలతోఁ బనియే లేదు. ఇక్కడఁ జూడవలసినది వస్తువుల పట్టిక కాదు. ఇన్ని సాధనములుండియు నామె చేయి యేల కదలదను ప్రశ్న.

దీని కుత్తరము పటము పేరిట నున్నది. "మెలెంకోలియా" యనఁగా గ్రీకుభాషలో నల్లపిత్తము. గ్రీకువైద్యులు దేహమున రక్తము, కఫము, పసుపుపిత్తము, నల్లపిత్తము నని నాలుగు రసములను జెప్పిరి. వీనిని మన వాతపిత్తకఫములతో సరిపెట్టఁ జూచుట తగదు. నల్లపిత్తము చల్లనిది, పొడియైనది. అది మిక్కిలియైనవాఁడు నల్లనిమొగము గలవాఁడు, లోభి, సోమరి యని నమ్మిక. వానికి గ్రహము శని. శనికి మందుఁ డనియు నసితుఁ డనియుఁ బేరులెఱిఁగిన మన పండితుల కీ సంబంధము క్రొత్తగాఁ దోఁపదు. నాఁటి పంచాంగముల బొమ్మలలో నీ ప్రకృతిగల స్త్రీ నూలు వడకుట మాని నిద్రపోవుచుండును. అది నిందాచిత్రము.

ఈ నిందను స్తుతిగా మార్చినవారు ఇటలీ పండితులు. తత్త్వమునందును, కవిత్వమునందును, కళలయందును ఘనులైనవారందఱు నల్లపిత్తప్రకృతులే యేల యను ప్రశ్న యరిస్టాటిలు పేరఁ జెల్లుచున్న ప్రాచీనగ్రంథమునఁ గలదు. తానును శనిదశలోఁ బుట్టినవాఁడనని తలఁచిన ఫ్లారెన్సు తత్త్వవేత్త ఫిచినో 1489లో వెలువరించిన గ్రంథమున నీ మాట నందుకొని, శని బాధించునదియు, బుద్ధిని లోనికి మరల్చునదియు నని వివరించెను. పండితుల యారోగ్యమునకై వ్రాసిన గ్రంథమగుటచే నిట్టి శనిపీడకు విరుగుడులును జెప్పెను. డ్యూరరు చిత్రమునఁ గన్పట్టు ఆకులదండ నీటిచెమ్మనఁ బెరుఁగు మొక్కలదని గుర్తించిరి. అది పొడితనమునకు మందు.

అంకెల చదరమును మందే. పైనుండి వరుసలు: 16, 3, 2, 13, 5, 10, 11, 8, 9, 6, 7, 12, 4, 15, 14, 1. అడ్డముగను నిలువుగను మూలలవెంటను గూర్చినను 34 వచ్చును. నడిమి నాలుగుగదులును, నాలుగు మూలలును నంతియే. క్రిందివరుస నడుమ 15, 14 లు చేరి 1514 అను సంవత్సరమగుచున్నది. పాశ్చాత్యులు గురుగ్రహమునకుఁ జెప్పు చదరమును దలక్రిందు చేసి, నడిమి రెండు నిలువువరుసలను దారుమాఱు చేసినచో నిదియే యగును. గురువు శనికి శమనకారి. మన దేశమున గురుయంత్రము తొమ్మిదిగదులది, మొత్తము 27. కావున నీ సంకేతము మన పద్ధతితోఁ బొందదు. నారాయణపండితుని గణితకౌముదిలో (1356) భద్రగణితమను పేర నిట్టి చదరములు చర్చింపఁబడినవి గాని, యక్కడ గ్రహపీడ ప్రసక్తి ప్రధానము గాదు.

1923లో ప్యానోఫ్‌స్కీ, సాక్సులను పండితు లీ పటముపై వ్రాసిన గ్రంథమునఁ దేల్చినదేమనఁగా: పంచాంగపు సోమరిస్త్రీయు, సాధనములు చుట్టునుంచుకొన్న రేఖాగణితదేవతయు నను రెండు సంప్రదాయచిత్రములు డ్యూరరు చేత నొక్కటియైనవి. ఈ నిర్ణయము సమంజసము. సోమరి పనిముట్లు లేక యూరకుండును. ఈమె పనిముట్లన్నియు నుండి యూరకున్నది. కొలుచు శాస్త్రము కొలఁదికందని దానిముందు నిలిచినపుడు కలుగు స్తబ్ధత యిది.

అయినను సంకేతములు రెండును గలిసినందుననే యీ భావము కలుగలేదు, రేఖలచేతఁ గలిగినది. సన్నని యుక్కుటులితో రేకుపైఁ జాళ్లు చెక్కి, సిరా నింపి, తడికాగితముపై నొత్తి తీయు నీ పద్ధతిలో వర్ణములు లేవు. నలుపు వలయునన్నఁ గీఁతల నొత్తుగాఁ జెక్కవలెను, తెలుపన్నఁ గాగితమే. ఆమె మొగమును డ్యూరరు నీడలో ముంచెను: అది నల్లపిత్తలక్షణము, అభిధ. ఆ నీడనుండి కన్నుల తెల్లదనము మాత్రము మెఱయును: ఆమె నిద్రించుట లేదు, లోపల మెలఁకువగా నున్నది. ఇది ధ్వని.

ఇదే సంవత్సరమున నాతఁడు చెక్కిన "గదిలో జెరోము ముని" చిత్రముతోఁ బోల్చిన నీ భేదము మఱియు స్పష్టమగును. అక్కడఁ గిటికీవెలుఁగు బల్లపై, గోడపై సమముగాఁ బఱచుకొనును. దూలములు, బల్ల నొక్కబిందువువైపు సాగును. ముని తలవంచి వ్రాయుచుండును. ఇసుకగడియార మక్కడను గలదు, నిద్రించు కుక్కయుఁ గలదు. ఒకే కుక్క యొకచోట శాంతిని, నొకచోట నీరసమును దెలుపుచున్నది! నిఘంటువు చేఁ బట్టినవారు దీనికేమందురో. 1520-21లో నెదర్లాండ్సుయాత్రలో డ్యూరరు పలుమాఱు ఈ రెండుపటములను గలిపి మిత్రుల కిచ్చినట్లాతని దినచర్య తెలుపుచున్నది.

పటము పేరిచివర నున్న "ఒకటి" యను నంకెయు వివాదాస్పదమే. అగ్రిప్పా యను జర్మనుపండితుఁడు 1510లో వ్రాసి వ్రాతప్రతిగాఁ బంపిన గ్రంథమున నల్లపిత్తోద్రేకమును మూఁడుగా విభజించెను: భావనాశక్తిని బ్రేరేపించునది, తర్కబుద్ధిని, దివ్యజ్ఞానమును. మొదటిది శిల్పులకును జిత్రకారులకును జెందినది. ప్యానోఫ్‌స్కీ యంకె యర్థమిదే యనెను. రెండవదియు, మూఁడవదియు డ్యూరరు చెక్కలేదు.